కుర్చీలు ఎక్కడికి పోతాయి? పాత సభా మందిరాన్ని నేటి అవసరాలకు అమర్చడం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాత సభా మందిరాల మీద మాట్లాడమంటే చాలామంది కమానులతోనో, చెక్కడపు కప్పుతోనో మొదలుపెడతారు. నేను కుర్చీలతో మొదలుపెడతాను. పొద్దున వ్యాయామ తరగతి, మధ్యాహ్నం పిల్లల బొమ్మల పోటీ, సాయంత్రం ఉపన్యాసం, వారాంతంలో నాటకం. ఇవన్నీ ఒకే హాలులో జరగాలంటే ఉపన్యాసానికి వేసిన 200 కుర్చీలు తెల్లారేసరికి ఎక్కడికో పోవాలి. ఎక్కడికి? పటంలో దీనికి జవాబు లేకపోతే మిగతా పటం ఎంత ముచ్చటగా ఉన్నా దండగే. ఆ కుర్చీలు గోడవారన పేరుకుంటాయి, గోడకు రాసుకుని గార పెచ్చులూడుతుంది, అత్యవసర ద్వారానికి అడ్డం పడతాయి, చివరికి ఎవరూ కదిలించరు.

పలు అవసరాలకు పనికొచ్చే హాలు అంటే ఏమిటో నేను నిమిషాల్లో కొలుస్తాను. ఇద్దరు మనుషులు, నిచ్చెన ఎక్కకుండా, పనిముట్లు పట్టకుండా, ఒక అమరిక నుంచి ఇంకో అమరికకు 30 నిమిషాల్లో హాలును మార్చగలగాలి. ఆరుగురు మనుషులూ రెండు గంటలూ కావాలంటే, ఎంత ఖరీదైన యంత్రాలు పెట్టినా ఆరు నెలల్లో ఆ హాలు ఒకే అమరికలో బిగుసుకుపోతుంది. ఈ రోజు చెప్పే ప్రతి విషయాన్నీ ఈ అరగంట కొలబద్దతోనే చూడండి.

లెక్కలు సులువుగా ఉండటానికి ఒక ఊహా హాలు తీసుకుందాం. [బోర్డు మీద గీస్తూ] పొడవు 20 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 6. నేల 200 చదరపు మీటర్లు, లోపలి ఘనపరిమాణం 1,200 ఘనపు మీటర్లు. సున్నపు గార పూసిన మందపాటి గోడలు, చెక్క నేల, పైన కలప ట్రస్సులు (కప్పును మోసే త్రికోణపు చట్రాలు), ఒక చివర చిన్న వేదిక. ఇలాంటి హాళ్లు ప్రపంచమంతటా ఉన్నాయి.

ఇప్పుడు కుర్చీల లెక్క. పదేసి పేర్చగల కుర్చీలైతే 200కు 20 దొంతరలు. ఒక్కో దొంతర నేల మీద దాదాపు అర చదరపు మీటరు ఆక్రమిస్తుంది, మొత్తం 10 చదరపు మీటర్లు. మడత బల్లలు పాతిక, రెండు మూడు బళ్ల మీద నిలబెడితే ఇంకో 5. విడి వేదిక పలకలు 2 మీటర్లకు 1 మీటరువి డజను, వాటికి 4. ఇదంతా వస్తువు కూర్చునే చోటే. బండిని బయటకు లాగడానికి, తిప్పడానికి దాదాపు అంతే ఖాళీ కావాలి. అంటే 35 చదరపు మీటర్లకు తక్కువ కాకుండా గిడ్డంగి, హాలు విస్తీర్ణంలో ఆరో వంతు పైచిలుకు. డబ్బిచ్చేవాళ్లు మొదట కోసేది ఈ గదినే, ఎందుకంటే ప్రారంభోత్సవం ఫొటోలో గిడ్డంగి కనిపించదు.

గది ఉంటే చాలదు. దాని తలుపు రెండు రెక్కలది, కనీసం 1,600 మిల్లీమీటర్ల వెడల్పుది కావాలి. గడప ఉండకూడదు, హాలు నేలా గిడ్డంగి నేలా ఒకే మట్టం. 20 మిల్లీమీటర్ల చిన్న మెట్టు చాలు, నిండు బండి చక్రం అక్కడ తన్నుకుని దొంతర ముందుకు ఒరుగుతుంది. మందిరం పొడుగైనదైతే ఒకే పెద్ద గిడ్డంగి కన్నా రెండు చివరలా రెండు చిన్నవి మేలు, నడక సగానికి తగ్గుతుంది. పాత మందిరంలో అలాంటి చోటు దొరకదంటారా? వేదిక కింద చూడండి. 900 మిల్లీమీటర్ల ఎత్తు వేదిక కింద మనిషి నిలబడలేడు కానీ, ముందు పలకలను తలుపులుగా మార్చి పొడుగాటి చక్రాల బల్లలను సొరుగుల్లా లోపలికి తోయవచ్చు. రెండు జాగ్రత్తలు: ఆ కింది నేల హాలు నేలతో సమంగా ఉండాలి, పొడిగా ఉండాలి. చెమ్మ ఉన్న చోట బట్ట కుర్చీలు పెడితే ఒక్క వానాకాలానికే బూజు పడతాయి. ఇంకో మాట, చాలా పాత హాళ్లలో వేదిక మూల నిర్మాణం కాదు, తర్వాత ఎవరో చేర్చింది. ఏ కాలంలో చేర్చారో తేల్చుకోకుండా ఉంచాలనీ అనొద్దు, తీసేయాలనీ అనొద్దు.

ఇక నా అసలు మాట: పాత గోడల జోలికి పోవద్దు. ఎందుకు? పాత కట్టడాల పరిరక్షణ మీద 1964లో అంతర్జాతీయంగా వచ్చిన వెనిస్ ఒడంబడిక అయిదో అధికరణం సారం ఇది: కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడటం దాని పరిరక్షణకు మేలే, కానీ ఆ వాడకం కోసం దాని అమరికనూ అలంకరణనూ మార్చకూడదు. ఆస్ట్రేలియాలో 1979లో ఆమోదించి, తర్వాత సవరిస్తూ 2013 దాకా తెచ్చిన బుర్రా ఒడంబడిక ఇంకాస్త చేతికందే మాట చెబుతుంది: మార్పు అవసరమైనంత, అయినా వీలైనంత తక్కువ. నాకు ఇందులో సూత్రం కన్నా లౌక్యం ఎక్కువ కనిపిస్తుంది. ఇప్పుడు మనం ఊహించే అవసరాలు పదిహేనేళ్లకు మారిపోతాయి. అప్పుడు విప్పి పక్కన పెట్టగలిగినదే మంచి మార్పు. కాబట్టి హాలు ఖాళీగా ఉండాలి, కదిలేవన్నీ గోడను తాకకుండా కదలాలి, బరువైనవీ తడివీ రొద చేసేవీ పక్కన కట్టే కొత్త గదుల్లోకి పోవాలి. మరుగుదొడ్లు, వంటగది, పంపులు, యంత్రాలు పాత గోడల లోపల ఇరికించడం కన్నా ఒక చిన్న నడవాతో కలిపిన కొత్త భాగంలో పెట్టడం చాలాసార్లు చవక. గొట్టాల లీకు అక్కడే ఆగుతుంది.

ఇక నేల. సభలకు, అంటే బిగించిన కుర్చీలు లేని హాళ్లకు, నిబంధనలు చాలా చోట్ల చదరపు మీటరుకు సుమారు 500 కిలోల భారం అడుగుతాయి. పాత చెక్క నేలలు ఆ లెక్కతో కట్టినవి కావు. ఇంజినీరు వచ్చి చూసేది మధ్యలో ఎంత వంగుతుందో అన్నదొక్కటే కాదు, దూలం గోడలో దూరిన చివర ఎలా ఉందో. పైకి నిగనిగలాడే దూలం గోడలోపల చెమ్మకు పిండి అయిపోయి ఉంటుంది. అందుకే చివర్ల దగ్గర రెండు మూడు పలకలు ఎత్తి, సన్నని బరమాతో తొలిచి చూడాలి. కలపలో తేమ 20 శాతం దాటితే కుళ్లుకు దారి తెరిచినట్టే.

భారం సరిపోయినా ఇంకో చిక్కు ఉంది, లయ. ఒకే తాళానికి గంతులేసే జనం సెకనుకు రెండు మూడు సార్లు నేలను తంతారు. ఆ తన్నుల రెట్టింపు, మూడింతల కంపనాలు కూడా నేలలోకి వెళతాయి. నేల సహజ కంపనం, అంటే ఒక్క తన్ను తర్వాత తనంతట తాను ఊగే లయ, సెకనుకు 8 కన్నా బాగా తక్కువైతే నేల కూడా జనంతో కలిసి ఆడుతుంది, కింది సీలింగు గార రాలుతుంది. నృత్య తరగతులు పెట్టుకోవాలనుకునే ప్రతి మందిరమూ ఈ లెక్క ముందే వేయించాలి. పరిష్కారం చాలాసార్లు చిన్నదే: నేల కింద ఖాళీలో మధ్యన ఒక దిమ్మ వరుస కట్టి పొడుగు దూలాన్ని సగం చేయడం. పైనుంచి చూస్తే ఏమీ మారినట్టు ఉండదు.

చెక్క నేల మీద ఒక పాపం మాత్రం చేయకండి. శుభ్రం చేయడం సులువని ప్లాస్టిక్ పొర అతికించడం. పలకల సందుల్లోంచి ఆడే గాలి ఆగుతుంది, కింది తేమ దారి లేక కలపలోనే నిలుస్తుంది. బయటి పునాది గోడల్లోని గాలి రంధ్రాలను ఎవరో ఎలుకల భయంతో మూసి ఉంటే ఆ నేలకు రోజులు దగ్గరపడ్డట్టే. రంధ్రాలు తెరిచి సన్నని తీగ జాలీ బిగించండి. ఎలుకలూ రావు, నేలా బతుకుతుంది.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన వస్తువు, నాకు అంతగా నచ్చనిది: కదిలే గోడ. హాలును రెండుగా చీల్చి రెండు కార్యక్రమాలు ఒకేసారి జరపవచ్చన్నది ఆశ. శబ్దాన్ని ఆపే మడత గోడ చదరపు మీటరుకు 30 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. మన హాలుకు అడ్డంగా 10 మీటర్లు, ఎత్తు 4 మీటర్లే అనుకుంటే 40 చదరపు మీటర్లు, 1.2 నుంచి 2 టన్నుల దాకా. ఆ బరువును ఏ ట్రస్సుకు వేలాడదీస్తారు? వందేళ్ల కింద ఆ ట్రస్సు పెంకులనూ గాలినీ మోయడానికి కట్టింది. పైగా గోడ మడిచినప్పుడు బరువంతా ఒక మూలన చేరుతుంది. గోడ పరిచినప్పటి కన్నా మడిచినప్పుడే దూలానికి ఎక్కువ ప్రమాదం. సరే, రెండు ఉక్కు స్తంభాలూ ఒక అడ్డదూలమూ పెట్టి, వాటికి సొంత పునాదులు తవ్వి, పాత కట్టడాన్ని ముట్టకుండా నిలబెట్టవచ్చు. అప్పుడు హాలు మధ్యలో రెండు స్తంభాలు. ఆ దూలం కొన్ని మిల్లీమీటర్లు వంగినా కింది రబ్బరు పట్టీ నేలను తాకదు.

తాకకపోతే ఏమవుతుందో చూడండి. 10 మీటర్ల పొడవునా 10 మిల్లీమీటర్ల సందు, అంటే పదో వంతు చదరపు మీటరు. హాలు అడ్డుకోత మొత్తం 60 చదరపు మీటర్లు. ఆరు వందల్లో ఒక వంతు రంధ్రం. శబ్దానికి అది చాలు: గోడ ఎంత గొప్పదైనా మొత్తం నిరోధం 28 డెసిబెల్ల (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఆగిపోతుంది. తయారీదారు కాగితం మీద 50 అని ఉంటుంది, అది ప్రయోగశాల మాట. 28 డెసిబెల్లంటే అవతలి ఉపన్యాసం ఇవతలికి మాటమాటా వినబడుతుంది. మడత గోడ 4 మీటర్ల దగ్గర ఆగితే పైన 2 మీటర్లు ఖాళీయే కదా, దాన్ని మూయాలంటే అలంకారపు కప్పును కోయాలి. ఇదంతా చేసి రెండు భాగాలనూ ఒకేసారి వాడేది ఎన్ని రోజులు? గోరుతో పోయేదానికి గొడ్డలి. నా సలహా, హాలును చీల్చకండి. కొత్తగా కట్టే పక్క భాగంలో 40, 50 చదరపు మీటర్ల రెండో గది ఒకటి వేయండి. దృష్టికి మాత్రం మరుగు చాలనుకుంటే చక్రాల తెరలు, 2 మీటర్ల ఎత్తువి, ఆరేడు ఉంటే ఎగ్జిబిషన్ పలకలుగా కూడా పనికొస్తాయి.

శబ్దం దగ్గరికి వచ్చాం కాబట్టి దీని మీద కాస్త ఆగుదాం. పాత హాలులో జనం ఎక్కువగా ఫిర్యాదు చేసేది ఇదే: మాట వినబడుతుంది, అర్థం కాదు. దాని పేరు ప్రతినాదం. మాట ఆగాక కూడా దాని తోక గోడల మధ్య తిరుగుతూ తర్వాతి మాట మీద పడుతుంది. దీన్ని మొదట లెక్కకు దించినవాడు వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదని దాన్ని సరిచేసే పని ఈ యువ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడికి అప్పగించారు. ఆయన రాత్రిపూట ఊరు సద్దుమణిగాక ఒక ఆర్గాన్ గొట్టం ఊది, పక్క నాటకశాల నుంచి మెత్తలు మోసుకొచ్చి పరుస్తూ, తీస్తూ, శబ్దం ఎంతసేపటికి ఆగుతుందో కొలిచాడు. ఖాళీ గదిలో అయిదున్నర సెకన్లు. ఎన్ని మెత్తలు పరిస్తే ఎంత తగ్గుతుందన్న దాన్నుంచి పుట్టిన సూత్రం ఇప్పటికీ మన పని నడుపుతోంది: ప్రతినాద కాలం = 0.161 × ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ. కొలతలు మీటర్లలో, జవాబు సెకన్లలో. శోషణ అంటే గోడలూ బట్టలూ మనుషులూ శబ్దాన్ని మింగే శక్తి.

మన హాలుకు వేద్దాం. 0.161ని 1,200తో గుణిస్తే 193. గార గోడలూ కప్పూ కలిపి 560 చదరపు మీటర్లు, శోషణ గుణకం, అంటే తగిలిన శబ్దంలో మింగే వంతు, 0.03 చొప్పున 17. చెక్క నేలకు 12. తలుపులూ కిటికీలూ కలిపి మొత్తం 30 అనుకోండి. 193ని 30తో భాగిస్తే ఆరున్నర సెకన్లు. చప్పట్లు కొడితే గుడి గంటలా మోగుతుంది. 150 మంది వచ్చి కూర్చుంటే, మనిషికి 0.45 చొప్పున 67 కలుస్తుంది, మొత్తం 97, కాలం 2 సెకన్లు. ఇంత జనం ఉన్నా ఉపన్యాసానికి ఇది పనికిరాదు. మాటకు సుమారు 1 సెకను కావాలి, వాద్య సంగీతానికి ఒకటిన్నర బాగుంటుంది. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఒకే హాలు రెండింటికీ కావాలంటే ఏదో ఒకటి మారాలి, అది గోడ కానక్కర్లేదు.

పైన, ట్రస్సుల మధ్య ఖాళీల్లో, 50 మిల్లీమీటర్ల మందం రాతి ఉన్ని (రాయిని కరిగించి తీసిన నారల) పలకలు 40 చదరపు మీటర్లు వేలాడదీద్దాం. 2 మీటర్లకు 1 మీటరువి 20 పలకలు, ఒక్కోటి 15 కిలోల లోపే. గుణకం 0.9 చొప్పున 36. మొత్తం 133, కాలం 1.45 సెకన్లు. ఇది సంగీతం అమరిక, ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఉపన్యాసం రోజున పక్క గోడల వెంట 100 చదరపు మీటర్ల మందపాటి తెరలు లాగుతాం. మడతలతో వేలాడే బరువైన బట్టకు 0.6 చొప్పున 60. మొత్తం 193, కాలం సరిగ్గా 1 సెకను. తాడు లాగితే హాలు మారింది. ఇద్దరు మనుషులు, అయిదు నిమిషాలు.

తెరల్లో జరిగే పొరపాట్లు మూడు. పలచని బట్ట కొనడం మొదటిది. చదరపు మీటరుకు 500 గ్రాములైనా తూగాలి, గోడ పొడవుకు రెండింతల బట్ట ఉండాలి, అప్పుడే మడతలు పడతాయి. అంటే 100 చదరపు మీటర్ల తెరకు 200 చదరపు మీటర్ల బట్ట, 100 కిలోలు. పట్టాలు ఆ బరువుకు తగినవి వేయాలి. రెండోది, గోడకు అతుక్కునేలా వేలాడదీయడం. కనీసం 100 మిల్లీమీటర్ల ఎడం ఉంటే శోషణ పెరుగుతుంది, గోడ గాలి పీల్చుకుంటుంది. మూడోది, తెరలు ముడుచుకుని దాక్కునే చోటు మర్చిపోవడం. మూల స్తంభాల వెనక చోటు లేకపోతే ముడిచిన తెర కిటికీని సగం కప్పేస్తుంది. బట్ట నిప్పును తట్టుకునే రకమై ఉండాలి, బయటికి దారి చూపే దీపాల మీదికి రాకూడదు. ఇంకా, తెరలు డోలు మోతనూ బాస్ మోతనూ పట్టుకోలేవు, వాటి తరంగాలు పొడుగైనవి. ఆ మోత ఇబ్బందైతే మూలల్లో లోతైన పెట్టెలు కావాలి, లేకపోతే ఆ రకం కార్యక్రమం అక్కడ పెట్టకూడదు. పొరుగిళ్ల నిద్ర చెడేది కూడా ఆ మోత వల్లే. తేలికపాటి పెంకు కప్పు దాన్ని ఆపదు.

మైకు పెంచితే సరిపోతుందనుకుంటారు. పెంచిన కొద్దీ ప్రతినాదపు మోతా పెరుగుతుంది. వేదిక పక్కన రెండు పెద్ద స్పీకర్ల కన్నా సన్నని నిలువు స్పీకర్లు జనానికి దగ్గరగా, తక్కువ గొంతులో పెట్టడమే తెలివి.

గాలి. కూర్చున్న మనిషి 100 వాట్ల దాకా వేడినీ, గంటకు 50 గ్రాముల పైన నీటి ఆవిరినీ వదులుతాడు. 200 మందంటే 20 కిలోవాట్ల పొయ్యి, గంటకు 10 లీటర్ల నీళ్లు. మనిషికి సెకనుకు 10 లీటర్ల తాజా గాలి ఇవ్వాలంటే మొత్తం సెకనుకు 2 ఘనపు మీటర్లు. గాలి చప్పుడు వినబడకూడదంటే గొట్టంలో వేగం సెకనుకు 2 మీటర్ల దగ్గర ఉంచాలి, అంటే గొట్టం అడ్డుకోత 1 చదరపు మీటరు. మీటరుకు మీటరు పెట్టె! పాత హాలులో దాన్ని ఎక్కడ దాస్తారు? చిన్న గొట్టం వేస్తే ఈల వేస్తుంది, నిర్వాహకులు ఉపన్యాసం మధ్యలో దాన్ని ఆపేస్తారు, గంటకల్లా జనం కునుకు తీస్తారు.

అందుకే ముందు పాత దారులు వెతకండి. వందేళ్ల కింద దీపాలూ జనమూ కలిసి వేడెక్కించే హాలును ఎలా చల్లార్చారు? కప్పు శిఖరాన గాలి గూళ్లు, పైకిటికీలు, అలంకారంలా కనిపించే చిల్లుల పువ్వులు సీలింగులో. చాలావాటిని తర్వాతి మరమ్మతుల్లో మూసేసి ఉంటారు. వేడి గాలి తనంతట తానే పైకెక్కుతుంది, దారి తెరిస్తే చాలు. కిటికీల పై రెక్కలను కింద నుంచి తిప్పే కడ్డీలతో మళ్లీ తెరుచుకునేలా చేయండి. ఎవరూ నిచ్చెన వేసి కిటికీ తెరవరు. ఇంకా చాలని చోట ఫ్యాన్ పెట్టే పెట్టెను కొత్త భాగంలో ఉంచి, నేల కింద ఖాళీ గుండా నెమ్మదిగా గాలి పంపవచ్చు, ఆ ఖాళీ పొడిగా ఉంటేనే.

ఆ 10 లీటర్ల ఆవిరి ఎక్కడికి పోతుంది? సున్నపు గోడలు కొంత పీల్చుకుని, తర్వాత నెమ్మదిగా వదిలేస్తాయి. ఆ గోడల మీద ఎవరైనా సిమెంటు గార, దాని మీద ప్లాస్టిక్ రంగు పూసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పైన పటారం, లోన లొటారం. కింద నుంచి ఎక్కిన చెమ్మ సిమెంటు వెనక నిలిచి, ఇంకా పైకి పాకి, ఉప్పు పువ్వు పూసి, చివరికి సిమెంటు తనతో పాటు ఇటుక ముఖాన్ని కూడా ఊడదీసుకుని పడుతుంది. మందు సిమెంటు కాదు, బయట ఉంది. చూరు కాలువలు శుభ్రం చేయండి, వాన గొట్టం నీరు గోడ మొదట్లో పడకుండా దూరం పంపండి, బయటి నేల మట్టం లోపలి నేల కన్నా 150 నుంచి 200 మిల్లీమీటర్లు కిందికి దించండి. ఏళ్ల తరబడి వేసిన రోడ్డు పొరలతో బయటి నేల పైకొచ్చి ఉండటమే చాలా చోట్ల అసలు జబ్బు. తర్వాత సిమెంటు తీసి సున్నం పూయాలి, కానీ వెంటనే కాదు. తాపీ గోడ నెలకు దాదాపు 25 మిల్లీమీటర్ల చొప్పున ఆరుతుందన్నది పాత లెక్క. 450 మిల్లీమీటర్ల గోడ రెండు వైపులా ఆరితే 9 నెలలు. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, ఆ 9 నెలలు పని పట్టికలో రాసిపెట్టకపోతే ప్రారంభోత్సవం తొందరలో తడి గోడకే రంగు వేస్తారు.

బయటికి దారులు. హాలులో ఎంతమంది పడతారన్నది వేరు, ఎంతమందిని అనుమతించాలన్నది వేరు. నిలబడితే మనిషికి అర చదరపు మీటరు చొప్పున మన హాలులో 400 మంది పడతారు. తలుపుల లెక్క వేయండి. మనిషికి 5 మిల్లీమీటర్ల తలుపు వెడల్పు అన్నది చాలా నిబంధనల్లో కనిపించే కొలత. 1,000 మిల్లీమీటర్ల తలుపులు రెండుంటే ఒక్కోటి 200 మందిని దాటిస్తుంది. మంట ఒక తలుపు దగ్గరే పుట్టిందనుకోవాలి, కాబట్టి రెండోదే లెక్క. 200, అంతే. ఆ సంఖ్య ద్వారం పక్కన రాసి ఉండాలి. మీ ప్రాంత నిబంధన ఇంకా కఠినంగా ఉంటే అదే ప్రమాణం.

1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరొక్వా నాటకశాలలో 600 మందికి పైగా చనిపోయారు. కొన్ని తలుపులు లోపలికి తెరుచుకునేవి, కొన్నింటి గడియ ఎలా తీయాలో జనానికి తెలియలేదు. పాత మందిరం ముఖద్వారం చాలాసార్లు లోపలికే తెరుచుకుంటుంది. బందులు మార్చి తిప్పితే చెక్కడం పాడవుతుంది. అప్పుడు పాత రెక్కలను కార్యక్రమం జరిగినంతసేపూ బార్లా తెరిచి గోడకు కొక్కెంతో బిగించి, వాటికి లోపల ఒక చిన్న వసారాలా కొత్త తలుపులు పెట్టండి. నెట్టగానే బయటికి తెరుచుకునే అడ్డకడ్డీ ఉన్నవి. చలికాలంలో గాలిని ఆపేవీ అవే, రోడ్డు రొదను తగ్గించేవీ అవే.

చక్రాల కుర్చీకి ఏటవాలు 1కి 12. 450 మిల్లీమీటర్ల అరుగు ఎక్కాలంటే 5.4 మీటర్ల పొడవు, పైనా కిందా ఆగే చోట్లు అదనం. 900 మిల్లీమీటర్ల వేదికకు 10.8 మీటర్లు, హాలులో సగం. కాబట్టి వేదిక పక్కన నిలువు లిఫ్ట్ పెట్టాలి, లేదా కార్యక్రమం ఏదైనా హాలు నేల మీదే, తక్కువ ఎత్తు విడి పలకల మీద జరిపితే సరి. దారి మాత్రం ముఖద్వారం దగ్గరే ఉండాలి, వెనక చెత్తబుట్టల పక్కన కాదు.

కరెంటు గురించి త్వరగా. గార గోడల్ని కోసి వైర్లు పూడ్చకండి. నేల అంచు పట్టీ వెనకా, నేల కింద ఖాళీలోనూ లాగండి. చిన్న దూలాలకు రంధ్రం చేయాల్సి వస్తే లోతు మధ్యలో, లోతులో నాలుగో వంతుకు మించని రంధ్రం, పొడవులో చివర నుంచి నాలుగో వంతుకూ పదింట నాలుగు వంతులకూ మధ్యన మాత్రమే. ధ్వని పరికరాలకూ వెలుగు పరికరాలకూ వేర్వేరు సర్క్యూట్లు, లేకపోతే స్పీకర్లలో జుమ్మని రొద. దేన్నైనా గోడకు బిగించాలంటే రాయిలోనో ఇటుకలోనో కాదు, మధ్య సున్నపు అతుకులో, తుప్పు పట్టని ఉక్కు మేకుతో. విచ్చుకునే బోల్టు రాయిని చీలుస్తుంది, చీలిన రాయికి మరమ్మతు లేదు. అతుకును మళ్లీ నింపుకోవచ్చు.

ఇప్పుడు ప్రశ్నలు.

[సభ నుంచి: గోడలోకి మడిచేసే మెట్ల కుర్చీల వరుసలు పెట్టుకుంటే కుర్చీల గొడవే ఉండదు కదా?]

ఉండదు, నేల గొడవ వస్తుంది. పరిచినప్పుడు బరువు నాలుగైదు వరుసల చక్రాల మీద పడుతుంది. మడిచినప్పుడు మొత్తం బరువు మీటరుంపావు వెడల్పు పట్టీ మీదికి చేరుతుంది, ఎప్పుడూ అక్కడే నిలుస్తుంది. చెక్క నేలలో ఆ పట్టీ కింద కొత్త దిమ్మలు కట్టాల్సిందే. పైగా మడిచిన దొంతర రెండున్నర, మూడు మీటర్ల ఎత్తున హాలు ఒక చివరను శాశ్వతంగా కప్పేస్తుంది, అక్కడ మంచి కిటికీ ఉంటే పోయినట్టే. నాటకాలు వారానికి మూడు నాలుగు పూటలు జరిగే చోట ఆలోచించండి. నెలకొకటైతే విడి పలకలు చాలు.

[సభ నుంచి: ఎత్తు తగ్గించడానికి ఫాల్స్ సీలింగ్ వేస్తే ధ్వనీ, ఏసీ ఖర్చూ రెండూ తగ్గవా?]

ఘనపరిమాణం తగ్గితే రెండూ తగ్గుతాయి, నిజమే. కానీ పైన మూసిన ఖాళీలో కప్పు కారుతున్న సంగతి ఏళ్ల తరబడి కనబడదు. పైకెక్కే వేడి గాలికి దారి పోతుంది. మంట అంటుకుంటే ఆ ఖాళీ గుండా చివరిదాకా పరుగెత్తుతుంది. సీలింగు బరువూ ట్రస్సే మోయాలి. పలకలు విడివిడిగా వేలాడదీస్తే ధ్వని పని అవుతుంది, మధ్య సందుల్లోంచి కప్పు కనబడుతూనే ఉంటుంది, తడి మచ్చ పడ్డ రోజే తెలుస్తుంది.

[సభ నుంచి: డబ్బు చాలా తక్కువ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?]

చూరు కాలువలతో. తర్వాత పగుళ్లకు అడ్డంగా కొలత పట్టీలు అతికించి ఏడాది పొడవునా నెలకోసారి రాసుకోండి. ఎండకూ వానకూ తెరుచుకుని మూసుకునే పగులు వేరు, ఒకే దిక్కుకు పెరుగుతూ పోయే పగులు వేరు. రెండోదానికే ఇంజినీరు వెంటనే కావాలి. ఆ ఏడాది హాలును ఉన్నది ఉన్నట్టు వాడండి. ప్రతి కార్యక్రమం తర్వాత ఎంతమంది వచ్చారు, ఏ అమరిక, మార్చడానికి ఎన్ని నిమిషాలు, ఎంతమంది మోశారు అని ఒక నోటు పుస్తకంలో రాయండి. కొత్త అమరికలను నేల మీద రంగు టేపుతో గీసి, నిజంగా కుర్చీలు వేసి, జనాన్ని కూర్చోబెట్టి చూడండి. టేపు తీసేస్తే పోతుంది. చేతిలో ఇంకాస్త మిగిలితే కుర్చీల బళ్లు నాలుగు కొనండి, గిడ్డంగి తలుపు గడప తీయించండి.